చూపులకొచ్చిన బాబాయిగారు

మొన్న సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు కోసం ఆటో ఆపుకుని కూర్చున్నాను. హైదరాబాదు కారొకటి వచ్చి పక్కన ఆగింది. కుర్రాళ్ళు దిగారు. ఒకడు డ్రోను పెట్టెని బాలింత చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఇంకొకడు నా దగ్గరికి వచ్చి, "అన్నా, ఇక్కడ మంచి లొకేషన్ ఎక్కడుంది?" అన్నాడు.

చుట్టూ చూశాను. ముందు గోదారి, వెనక కొబ్బరితోటలు, పైన వాన తెచ్చిన మబ్బు. పెళ్ళి పంక్తిలో విస్తరి ముందు కూర్చుని అన్నం ఎక్కడ దొరుకుతుందని అడిగినట్టుంది. ఆ మాటే అనేద్దామనుకున్నాను. నోరు తెరిస్తే వచ్చింది మాత్రం నా మాట కాదు, ఆయన మాట.

"ముందు చూపులు చూసుకోండి నాన్నా. కెమెరా తరవాత."

కుర్రాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. పంటు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయారు. నేను అక్కడే ఉండిపోయాను. ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు, అప్పుడే ఆయన మాటలు నా నోట్లోంచి వచ్చేస్తున్నాయి.

మలికిపురం సెంటర్లో ఫోటో స్టూడియో ఆయనది. ఊరందరికీ స్టూడియో బాబాయిగారు, నాకూ బాబాయిగారే. మా మధ్య ఏ చుట్టరికమూ లేదు. మా వైపు చుట్టరికం కలవడానికి చుట్టరికం అక్కర్లేదు, చిన్న గ్లాసుడు టీ చాలు. నేను స్టూడియో ఎదురుగా ఆటో పెట్టుకునేవాణ్ణి. చదువంటారా, ఎనిమిదో తరగతిలో వేసవి సెలవులిచ్చారు, అవి ఇంకా అవ్వలేదు.

స్టూడియోలో ఒక తెర ఉండేది. మంచుకొండలు, మధ్యలో సరస్సు, సరస్సులో బాతులు. తలుపు తీస్తే బయట కాలవ, కాలవలో నిజం బాతులు. మా జనం నిజం బాతులకి వీపు చూపించి లోపలికొచ్చి, బొమ్మ బాతుల ముందు నిలబడేవారు. "ఉక్కపోతలో చెమటలు కక్కుకుంటూ మంచుకొండల ముందు నవ్వేది మనమేరా," అనేవారు బాబాయిగారు. అని, వాళ్ళ చెమట ఆయనే తుడిచి ఫోటో తీసేవారు.

తరవాత అందరికీ ఫోన్లు వచ్చాయి, తెర ముందు నిలబడేవాళ్ళు తగ్గారు. పాస్‌పోర్టు ఫోటోలు మాత్రం పెరిగాయి. ఆయన దగ్గర ఫోటో తీయించుకుని కువైట్, దుబాయి, మస్కట్ వెళ్ళినవాళ్ళు అక్కణ్ణించి ఫోను చేసేవారు. "బాబాయిగారూ, మా చేను పక్కన కాలవగట్టు ఫోటో ఒకటి పెట్టండి బాబాయిగారూ. పొద్దుటిపూటదండి. గది గోడకి అంటించుకుంటానండి." అలా ఆ వయసులో ఆయన స్టూడియో తలుపు దగ్గరికేసి బయట తిరగడం మొదలెట్టారు. తిరుగుడు ఆయనది, ఆటో నాది.

కొత్త చోటుకి వెళ్ళేటప్పుడు మొదటిసారి కెమెరా తెచ్చేవారు కాదు. ఎంత బాగున్నా సరే. నాకు ఒళ్ళు మండేది.

"ఇంత దూరం వచ్చేం కదండి, ఒక్కటి తీసెయ్యొచ్చు కదండీ?"

"చూపులకెళ్ళి అక్కడే తాళి కట్టేస్తారేంట్రా? చూడాలి. ఇంటికి రావాలి. అన్నం తింటుంటే ఆ చోటు గుర్తు రావాలి. గుర్తొస్తే మళ్ళీ వెళ్ళాలి. రాకపోతే ఆ సంబంధం వదిలెయ్యాలి."

"మరి మన డీజిలు ఖర్చో?"

"చూపులకి పెట్టిన ఖర్చు ఎవరైనా తిరిగి అడుగుతారేంట్రా?"

చూపుల్లో ఇంకో పద్ధతి ఉండేది. ఆ చోటుకి వీపు పెట్టి, కాళ్ళు ఎడంగా చాపి, నడుం వంచి, కాళ్ళ సందులోంచి వెనక్కి చూసేవారు. పంచె ఎగ్గట్టుకుని చేనిగట్టు మీద ఆ పెద్దమనిషి అలా తలకిందులుగా నిలబడితే, దారిన పోయేవాళ్ళకి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆయన పని నేర్చుకున్న పెట్టె కెమెరాలో వెనక అద్దం మీద లోకం తలకిందులుగానే పడేదట. "తిన్నగా చూస్తే అది చెట్టు, ఇది ఇల్లు అని మనసు పేర్లు పెట్టేస్తుందిరా. తలకిందులైతే పేర్లు పోతాయి, వెలుగూ నీడా మిగుల్తాయి," అనేవారు. నేనూ ఒకసారి ప్రయత్నించాను. నాకు వెలుగూ నీడా కనిపించలేదు, చొక్కా జేబులోంచి ఫోను బురదలో పడింది.

అంబాజీపేట దగ్గర ఒకావిడ గేదెని తోలుకొస్తూ ఆయన్ని చూసి కంగారుపడిపోయింది. "అయ్యో, పెద్దాయనకి నడుం పట్టేసినట్టుందండి. లేవదియ్యవేంటయ్యా?" అని నన్ను తిట్టింది.

బాబాయిగారు కాళ్ళ సందులోంచే, "ఏం పర్లేదమ్మా. నువ్వు కొంచెం పక్కకి జరుగు, గేదెని మాత్రం ఉండనీ," అన్నారు. ఆవిడ జరిగింది. గేదె కూడా జరిగింది. ఆ రోజు ఆయన గేదె మీద అలిగి టీ కూడా తాగలేదు.

కొత్తపేట అవతల ఒక తోట గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. లోపల చేలకి నీళ్ళు పారే పంటబోదె ఒకటి పాములా మెలికలు తిరిగి ఉందని ఎవరో చెప్పారు. గేటు దగ్గర ఒక పెద్దావిడ నిలబడి ఉంది. బాబాయిగారు నమస్కారం పెట్టి, అలవాటు కొద్దీ, "చూపులకి వచ్చేమండి," అన్నారు.

ఆవిడ మొహం వెలిగిపోయింది. "రండి రండి, సాయంత్రం అన్నారు కదా అని ఇంకా..." అంటూ లోపలికి పరిగెట్టింది. కుర్చీలొచ్చాయి. జంతికలొచ్చాయి. కాఫీ వచ్చింది. ఇంటాయన వచ్చి నన్ను కాకీ చొక్కా దగ్గర్నుంచి చెప్పులదాకా చూసి, "అబ్బాయి ఏం చేస్తాడండి?" అన్నాడు. అప్పటికే నా నోట్లో జంతిక ఉంది. ఉప్పు తిన్నాక అబద్ధం ఆడకూడదు కదా. "ఆటో ఉందండి. సొంతందేనండి," అన్నాను.

బాబాయిగారికి అప్పుడు వెలిగింది. లేచి నిలబడి, "అమ్మా, తప్పయిపోయింది. మేం చూడ్డానికి వచ్చింది మీ తోటనమ్మా," అన్నారు.

"తోటనా? మేం అమ్మవండి!" అంది పెద్దావిడ.

మొత్తానికి విషయం తేలాక లోపల్నుంచి ఆడపిల్లలు నవ్విన నవ్వు నాకింకా వినిపిస్తోంది. పెట్టినవి వెనక్కి తియ్యకూడదని జంతికలు తినేదాకా కదలనివ్వలేదు. ఆ తోట ఫోటో పెద్దది కట్టించి ఇచ్చారు బాబాయిగారు, ఇప్పటికీ వాళ్ళ వసారాలో ఉంది. సంబంధం మాత్రం అక్కడితో ఆగిపోయింది. నా వైపు నుంచి ఏ అభ్యంతరమూ లేదని ఈ సందర్భంగా మనవి చేసుకుంటున్నాను.

ఇన్ని చూపులు చూసిన మనిషికి ఎన్నేళ్ళు తిరిగినా కుదరని చోటు ఒకటుంది. అది పిన్నిగారి పుట్టిల్లు.

పిన్నిగారంటే బాబాయిగారి భార్య. ఆవిడ పుట్టింది గోదారి మధ్య లంకలో. ఆ లంక ఇప్పుడు లేదు. ఒక్క వరదకి పోయింది కాదు. గోదారి ఏటా గట్టు కొరుక్కుంటూ ముందు కూరగాయల మళ్ళు తీసుకుంది, తరవాత కొబ్బరిచెట్లు, ఆఖరికి ఇళ్ళు. దాన్ని మా వైపు కోత అంటారు. చేలో కోతకీ, గోదారి కోతకీ మాట ఒక్కటే. రెండోదానిలో ఇంటికి వచ్చేది ఏమీ ఉండదు, అంతే తేడా. వాళ్ళ వాళ్ళు తలో ఊరూ పట్టుకుపోయారు.

ఆ తరవాత పిన్నిగారు గోదారి మొహం చూడలేదు. నా ఆటోలో నర్సాపురం వెళ్ళాల్సి వస్తే పంటు వద్దనేవారు, చుట్టూ తిరిగి వంతెన మీంచి పొమ్మనేవారు. వంతెన రాగానే కొంగు మొహం మీదకి లాక్కునేవారు. "అయిపోయిందా?" అని కొంగులోంచి అడిగేవారు. నేను వేళాకోళానికి, "ఇంకా సగం ఉందండి," అనేవాణ్ణి, దాటేశాక కూడా. ఆవిడ నమ్మి అలాగే కూర్చునేవారు. పక్కన బాబాయిగారు మాత్రం నవ్వేవారు కాదు.

ఒకసారి పిన్నిగారికి జ్వరం తగిలి, తగ్గాక, మంచం మీద కూర్చుని జావ తాగుతూ అన్నారట. "ఒక్కసారి మా రేవు చూడాలనుందండి."

ఆ మాట నాకు చెప్పినప్పుడు బాబాయిగారు ఆటోలో వెనక సీట్లో ఉన్నారు. అద్దంలో కనిపిస్తున్నారు. "ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళూ తీసేనురా. అత్తారి ఊరు మాత్రం ఒక్క ఫోటో తియ్యలేదు. ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను."

"ఎక్కడికి పోయిందండి?" అన్నాను నా నోటి దురద కొద్దీ.

"అంతర్వేది మీంచి సముద్రంలోకి," అన్నారు. అని నవ్వారు. నేను నవ్వలేదు.

అప్పటినుంచి మా తిరుగుళ్ళకి ఒకటే పని. కువైట్ వాళ్ళ కాలవగట్లు దారిలో తగిలితే తీయడమే, అసలు వెతుకులాట మాత్రం పిన్నిగారి రేవులాంటి రేవు కోసం. పోయిన ఊరుని తేలేం, పోలిన చోటైనా తెద్దామని ఆయన ఆశ. వాళ్ళ రేవు ఆయనకి బాగా గుర్తు. కొత్త అల్లుడిగా పడవలో వెళ్ళి దిగిన రేవు కదా. కొబ్బరిదుంగలతో కట్టిన మెట్లు, పైన వాలిన చెట్టు, చెట్టు కింద ఇంటి అరుగు. రాజోలు వైపు చూశాం, ముమ్మిడివరం వైపు చూశాం, జొన్నాడ దాకా వెళ్ళి గోదారి పొడుగునా దిగుతూ వచ్చాం. నచ్చిన చోటల్లా ఆయన చూపులు చూసి, ఇంటికెళ్ళి, అన్నంలో గుర్తొచ్చి, మళ్ళీ వెళ్ళి ఫోటో తీసి, పిన్నిగారి ముందు పెట్టేవారు. పెట్టి, పరీక్ష రాసినవాడిలా గుమ్మం దగ్గర నిలబడేవారు.

పిన్నిగారు కళ్ళజోడు పెట్టుకుని చూసేవారు.

"మెట్లు బాగున్నాయండి. కానీ మా మెట్లు ఇంత బుద్ధిగా ఉండేవి కాదు."

ఇంకోసారి, "ఇది రేవేంటండీ, ఇసక లారీలు దిగే చోటులా ఉంది."

ఇంకోసారి చాలాసేపు చూశారు. బాబాయిగారు ఊపిరి బిగబట్టారు, నేనూ బిగబట్టాను. "చెట్టు అచ్చం అలాగే ఉందండి. నీళ్ళు కూడా బాగున్నాయి. కానీ మావి కావు."

"గోదారి నీళ్ళలో మీవి వేరు, మావి వేరు ఉంటాయేంటే?" అన్నారు బాబాయిగారు.

"ఉంటాయండి," అన్నారు పిన్నిగారు. ఫోటో జాగ్రత్తగా తిప్పి ఆయనకే ఇచ్చారు.

అప్పటికి ఆయనకి నడుం వంగడం కష్టమవుతోంది. కాళ్ళ సందులోంచి చూడటం మానేశారు. గట్టు ఎక్కాలంటే నా భుజం పట్టుకునేవారు. "పోన్లెండి బాబాయిగారూ, ఆవిడకి ఏదీ నచ్చదు," అంటే, "నచ్చకపోవడం కాదురా. ఆవిడ చూసింది నేను చూపించలేకపోతున్నాను," అనేవారు. ఎప్పుడూ వంకలు పెట్టని మనిషి ఆ రోజుల్లో నా ఆటో కుదుపులకి కూడా వంకలు పెట్టారు.

ఇంకో ఫోటో పెట్టిన రోజున నేనూ అక్కడే ఉన్నాను. పిన్నిగారు తల అడ్డంగా ఊపారు. నాకు ఆయన మొహం చూడబుద్ధి కాలేదు. మాట మారుద్దామని, అలవాటైన వెటకారంతో, "పిన్నిగారూ, అసలు మీ రేవు మీరెప్పుడైనా చూసేరాండీ?" అన్నాను.

తిడతారనుకున్నాను. పిన్నిగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"నిజమేరా," అన్నారు. "నేను చూడలేదు."

"అదేంటే?" అన్నారు బాబాయిగారు.

"రేవంటే మీకు దిగే చోటండీ. మీరు పడవలోంచి చూసేరు. నాకు కూర్చునే చోటు. పొద్దున్నే అంట్లు ముందేసుకుని మెట్టు మీద కూర్చుంటే, నా కళ్ళకి రేవెక్కడ కనపడుతుంది? అవతలి గట్టు కనపడేది. రెండు తాడిచెట్లు, వాటి వెనక ఇటికల బట్టీ గొట్టం. గొట్టం సరిగ్గా రెండు చెట్ల మధ్యనుండేది. పొగ వస్తుంటే మా నాన్నగారు, 'అదిగో అమ్మడూ, తాడిచెట్లు చుట్ట ముట్టించేయి, లే' అనేవారు."

బాబాయిగారు గుమ్మం దగ్గరే చతికిలబడిపోయారు. ఇన్నేళ్ళూ ఆయన అల్లుడి కళ్ళతో వెతికారు. కూతురు చూసింది అటువైపు.

"ఆ చెట్లున్నాయంటావా?" అన్నారు.

"నాకేం తెలుసండీ. నేను చూస్తేగా."

చెట్లున్నాయి. మర్నాడే వెళ్ళి చూసొచ్చాం. గొట్టం కూడా ఉంది, పొగ లేదు. కానీ ఏ గట్టు మీద నిలబడినా గొట్టం చెట్ల మధ్యకి రావడం లేదు. రావాలంటే లంక ఉన్నచోట నిలబడాలి. అక్కడ గోదారి ఉంది. పడవ కావాలి, పిన్నిగారూ కావాలి. వస్తానంటారని నేను అనుకోలేదు. ఆవిడ, "మీ చూపులూ గీపులూ అని రెండుసార్లు తిప్పితే మాత్రం రాను. ఒక్కసారే," అన్నారు. అందుకే పడవ ఎక్కే రోజున బాబాయిగారు మొదటిసారి చూపులకే కెమెరా పట్టుకొచ్చారు.

పడవ ఎక్కుతూనే పిన్నిగారు కొంగు మొహం మీదకి లాక్కున్నారు. బాబాయిగారు ఆవిడకీ నీళ్ళకీ అడ్డంగా కూర్చున్నారు. కూర్చుని, రేడియోలో ఆట చెప్పినట్టు చెప్పడం మొదలెట్టారు.

"గొట్టం చెట్లకి కుడివైపుందే. చాలా దూరంగా. పడవ ఎడంకి పోతోంది... కొంచెం దగ్గరకొచ్చింది... ఇంకొంచెం..."

"చెట్టుకి తగిలిందా?" కొంగులోంచి.

"తగలబోతోంది. తగిలిందనే అనుకుంటా."

"అనుకోవడమేంటండీ?"

"ఎండ కళ్ళలో పడుతోందే."

"నేను చూడకుండా మీకేం తెలుస్తుంది, జరగండి!" అని పిన్నిగారు ఆయన్ని పక్కకి తోసి కొంగు తీసేశారు.

గొట్టం నడుచుకుంటూ వస్తోంది. నిజంగా అలాగే ఉంది. మేం కదులుతున్నట్టు లేదు, అదే చెట్టు వెనక్కి దూరి, ఇవతలకొచ్చి, రెండు చెట్ల మధ్య నిలబడింది.

"ఆపు నాయనా. ఇదే," అన్నారు పిన్నిగారు.

పడవాయన గెడ వేశాడు. గెడ చివరిదాకా మునిగింది, అడుగు తగల్లేదు. "ఇక్కడ ఆగదండి అమ్మగారూ. లోతండి. గెడ అందట్లేదు."

పిన్నిగారు పడవ అంచు మీంచి కిందకి చూశారు. "మా అరుగు మీద లోతేంటయ్యా," అన్నారు.

నా నోరు మూయించినవాళ్ళు మా ఊళ్ళో పుట్టలేదంటారు. నిజమే, ఆవిడ పుట్టింది లంకలో.

పడవ పక్కకి పోయింది. పడవాయన తెడ్డేసి చుట్టు తిప్పి మళ్ళీ తెచ్చాడు. బాబాయిగారు కెమెరా కంటికి పెట్టుకునేలోపు మళ్ళీ పోయింది. ఇంకో చుట్టు. ఈసారి కెమెరా దింపేశారు. "నేను తీస్తే చెట్లూ గొట్టమూ వస్తాయే. మీ రేవు రాదు. ఎక్కడ నొక్కాలో నీకే తెలుసు. ఇంద."

"నాకేం వచ్చండీ?"

"ఇది నొక్కడమే. బియ్యం మూట దించడం కాదు."

పిన్నిగారు కెమెరా తీసుకుని సగం లేచారు. పడవ ఊగింది. బాబాయిగారు రెండు చేతులతో ఆవిడ భుజం పట్టుకున్నారు. నేను ఆయన నడుం పట్టుకున్నాను. పడవాయన గొట్టాన్ని తెచ్చి చెట్ల మధ్యన నిలబెట్టాడు. పిన్నిగారు నొక్కారు.

అందులో చూసుకుని, "వంకరగా వచ్చిందండీ," అన్నారు.

"వచ్చిందిగా," అన్నారు ఆయన.

తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ మొహం మీద కొంగు లేదు. చెయ్యి కిందకి వాల్చి నీళ్ళలో పెట్టి కూర్చున్నారు. గట్టు దగ్గరపడుతుంటే, ఎవరూ అడక్కుండానే, "ఇవి మావేనండి," అన్నారు. బాబాయిగారు కళ్ళు తుడుచుకుని, ఎండ అన్నారు. అప్పటికి మబ్బు పట్టింది.

ఆ ఫోటో ఇంట్లో గోడకి పెట్టారు. వచ్చినవాళ్ళు చూసి, "గోదారి ఒక పక్కకి ఒరిగిపోయిందేంటి బాబాయిగారూ?" అంటే, ఆయన ఎప్పుడూ లేనంత గర్వంగా, "అది నేను తీసింది కాదండి, మా ఇంటావిడది," అనేవారు.

పోయిన వేసవి ఆఖర్లో మధ్యాహ్నం భోంచేసి పడుకున్నారు, లేవలేదు. కార్యక్రమాలన్నీ అయ్యాక పిన్నిగారు నన్ను పిలిచారు. చూపు ఆనడం లేదట, ఆ ఫోటోని పెద్దది చేయించుకురమ్మన్నారు. అమలాపురం తీసుకెళ్ళాను. ప్రింటింగు షాపాయన కంప్యూటర్లో పెట్టి చూసి, "నీళ్ళు వాలిపోయేయండి. తిన్నగా చేసేద్దామాండి? ఒక్క నిమిషం పని," అన్నాడు.

చెయ్యమనడానికి నేనెవర్ని. ఫోను చేశాను. "పిన్నిగారూ, మీ గోదారి ఒరిగిందంటండి. తిన్నగా చేస్తానంటున్నారు, చెయ్యమనమంటారా?"



"ఒద్దురా," అన్నారు. "అది గోదారి ఒరగడం కాదు. నేను పడిపోతానని ఆయన ఈ భుజం పట్టుకుని లాగేరు. ఆయన ఎంత లాగేరో అంతా ఉండనీ."

ఫోను పెట్టేసి, అలాగే తియ్యమని చెప్పాను. షాపాయనకి నచ్చలేదు. "తీసేక వంకరగా ఉందంటే మాది పూచీ కాదండి మరి," అన్నాడు.

"ఆయ్," అన్నాను. "మీది కాదు లెండి."